తూటాలు ఎవరి జేబులో

స్లేట్ ఫోర్క్, కెంటకీ
సెప్టెంబరు 8

తమ్ముడు ఎల్డన్‌కు అన్న ఆర్విల్ ఆశీస్సులతో వ్రాయునది.

ఇక్కడ నేనూ, మీ వదిన వెర్నా క్షేమం. నీవు క్షేమమని నీ ఉత్తరంలో ఎక్కడా వ్రాయలేదు. మరచిపోయి ఉంటావనుకుంటున్నాను. వసంతంలో నీ భార్య లూడీ పోయిన తరువాత నీ చేతివ్రాత చూడడం ఇదే మొదటిసారి. ఆమె చెయ్యి పడకుండా నీవు ఒంటరిగా ఉత్తరం వ్రాయడం కూడా, నాకు తెలిసినంతలో, ఇదే మొదటిసారి.

వేటకాలం వస్తున్నదనీ, నాన్న రైఫిలును పోస్టులో పంపమనీ అడిగావు. అది మా ముందు గదిలో తలుపు మీది కొయ్యలపై నాన్న పెట్టినట్లే ఉన్నది. పంపడానికి మనసు లేక కాదు. ఇన్నేళ్ళుగా తపాలా కార్యాలయపు కిటికీ వెనుక నిలబడినవాడిని. ఊరందరికీ చెప్పే నియమాన్ని తమ్ముడి కోసం వంచలేను. చేతి తుపాకులను మామూలు మనిషి పోస్టులో ఎవరికీ పంపరాదు. పొడుగు తుపాకుల సంగతి వేరు. తూటాలు తీసివేసిన రైఫిలును తన రాష్ట్రంలో నివసించే మనిషికి పంపవచ్చు. పరాయి రాష్ట్రంలో ఉన్న మామూలు మనిషికి పంపరాదు. నేను కెంటకీలో ఉన్నాను, నీవు మోంటానాలో ఉన్నావు. మనిద్దరం ఒకే తల్లి పిల్లలమన్న సంగతి చట్టానికి అక్కరలేదు. ఇక తూటాలంటావా, అవి పోస్టులో అసలు పోవు.

పోయిన వారం ప్రూయిట్ ముసలమ్మ కేకు డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. మనవడికి పంపాలట.

"ఏముంది పెద్దమ్మా ఇందులో?" అన్నాను.

"కేకు."

"కేకు గలగలమంటుందా?"

"నా చేతి వంట నువ్వెప్పుడు తిన్నావు గనక! మాట్లాడక ముద్ర కొట్టు."

"మూత తీయండి."

"చూశారర్రా! రాత్రి బడిలో నాలుగు ముక్కలు నేర్చుకునేసరికి వీడికి మా ఇంటి కేకుల మీద కూడా పెత్తనం వచ్చింది. మీ నాన్నయితే ఇట్లా అడిగేవాడా?"

మూత తీస్తే పోయిన భర్తగారి పిస్తోలు. వరుసలో ఉన్నవారందరూ నవ్వారు. నేను నవ్వలేదు. డబ్బా ఆవిడ చేతికే ఇచ్చి పంపాను. అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడడం లేదు. నియమం నియమమే.

మరొక సంగతి. మా పోస్టుమాస్టరు క్రిస్మస్‌కు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పదవికి నా పేరు కూడా పరిశీలనలో ఉన్నది. నవంబరు చివర ఇంటర్వ్యూ. నలభై దాటిన తరువాత రాత్రిళ్ళు చదివి సంపాదించిన పట్టా ఇన్నాళ్ళకు పనికి రాబోతున్నది.

ఒక్క సందేహం. మోంటానాలో ప్రతి ఊరిలోనూ తుపాకుల అంగడి ఉంటుందని విన్నాను. నాన్న రైఫిలే ఎందుకు?

నీ అన్న,
ఆర్విల్ కాడిల్


ఐరన్ క్రీక్ గని, మోంటానా
సెప్టెంబరు 20

అన్నయ్యకి,

నేను తుపాకీ అడిగితే నువ్వు చట్టాల పుస్తకం పంపావు. చిన్నప్పుడూ ఇంతే. ఈతకి రమ్మంటే నీళ్ళ లోతు లెక్క చెప్పేవాడివి.

నాన్న రైఫిలే ఎందుకంటే ఏం చెప్పను. అంగట్లో తుపాకులు నన్నెరగవు. అది నా భుజానికి తెలుసు. ఇంటిదంటూ ఒక వస్తువు చేతిలో ఉండాలనిపించింది, అంతే. దానికి కూడా అర్జీ పెట్టుకోవాలా?

ఇక్కడి సంగతి అడగలేదు గానీ చెబుతున్నా. గని మూసేసి రెండేళ్ళయింది కదా. అందరూ పోయారు. కంపెనీ నన్నొక్కణ్ణి గేటుకి దూరంగా, గని పక్క ఇంట్లో పెట్టింది, అడుగున ఊరే నీళ్ళు తోడే పంపు ఆగకుండా చూసుకోమని. పంపు ఆగితే నీళ్ళు పైకొస్తాయి. కాబట్టి ఓ పూట ఊళ్ళోకి పోయి రావడం తప్ప నేను కదలకూడదు. కదిలితే పనీ పోతుంది, ఇల్లూ పోతుంది. ఇంట్లో లూడీ కోటు ఇంకా కొక్కేనికే ఉంది. తియ్యలేను, చూడలేను. పంపు మాత్రం రాత్రీ పగలూ ఒకటే మూలుగు. ఈ ఇంటికొచ్చిన కొత్తలో లూడీ దాన్ని "నీ రెండో పెళ్ళాం" అనేది. ఇప్పుడదే మిగిలింది.

అన్నట్టు సేడీని ఇచ్చేశా. ఇక్కడ టపా తెచ్చే రోవీనాకి. కుక్కకి నాతో ఏం సుఖం? ఆవిడ బండిలో షికార్లు కొడుతోంది, దర్జాగా.

నాన్న జేబు గడియారం ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నా. నీ దగ్గరుంచుకో. ఇక్కడ టైముతో ఎవరికీ పని లేదు.

తుపాకీ మొత్తంగా పోకపోతే ముక్కలు చేసి పంపు. ముక్కలైతే పోతాయిగా? నాకు బిగించుకోవడం వచ్చు. వదినకి అడిగానని చెప్పు.

ఎల్డన్


స్లేట్ ఫోర్క్, కెంటకీ
అక్టోబరు 1

తమ్ముడు ఎల్డన్‌కు,

గడియారం చేరింది. దానికి నేను కీ ఇవ్వలేదు. పుచ్చుకున్నట్లు కాదు, భద్రపరచినట్లు భావించు. మరల ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో.

నీవన్నది నిజమే, ముక్కలు పోతాయి. రైఫిలులో చట్టం తుపాకీగా లెక్కించేది నడుమ ఉండే ఇనుప చట్రాన్ని మాత్రమే. గొట్టం, భుజానికి ఆనించే కర్ర మడమ, తోలు పటకా, మరలు, ఇవన్నీ చట్టం దృష్టిలో వట్టి ఇనుము, వట్టి కర్ర. వాటిని ఎవరికైనా పంపవచ్చు. ఆ చట్రం మాత్రం ఒంటరిగా ఉన్నా తుపాకీయే. కనుక అది నా దగ్గరే ఉంటుంది. ఇవాళ కర్ర మడమ పంపుతున్నాను. నాన్న కాలెండరు లేకుండానే రోజు గుర్తుంచుకుని, వేటకు ముందు దానికి నూనె రాసేవాడు. అలాగే రాసి పంపాను.

మీ వదిన నీ ఉత్తరం చదివి బల్ల మీద బోర్లించింది.

"కుక్కని ఇచ్చేశాడా?" అన్నది.

"జింకల వేటకు కుక్క అవసరం లేదు" అన్నాను.

"వేటకి కాదండీ, మనిషికి. గడియారం ఇచ్చాడు, కుక్కనిచ్చాడు. ఇంకేం మిగుల్చుకున్నాడట?"

ఆ మాటకు జవాబు నీవే చెప్పు. ఈ ఏడాది వేట లైసెన్సు కొన్నావా? ఎవరితో వెళుతున్నావు? నాన్న పద్ధతి నీకు గుర్తున్నదో లేదో. మన ఇంట్లో తుపాకీ ఒక్కటే, కొడుకులిద్దరం. తుపాకీ నా చేతికిచ్చి, తూటాలు నీ జేబులో పోసేవాడు. మరుసటి ఏడు తుపాకీ నీకు, తూటాలు నాకు. రెండూ ఒక్కడి దగ్గర ఎన్నడూ ఉంచలేదు. కొండ మీద మనం తిట్టుకున్న రోజున కూడా ఒకరిని విడిచి ఒకరు ఇంటికి రాలేకపోయాం. జింక ఎదురుగా నిలిచి చూస్తుంటే "తూటా ఇవ్వరా" అని నేను, "ముందు క్షమించమని అడుగు" అని నీవు. జింక వెళ్ళిపోయింది. నాన్న ఇంటి మెట్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేటట్లు నవ్వాడు.

తూటాలు ఎవరి జేబులో ఉన్నాయి, ఎల్డన్?

ఈ ఉత్తరం మొదలుకొని నా ఉత్తరాలు చేరిన వెంటనే సంతకం చేసి తీసుకునే పద్ధతిలో వస్తాయి. నీ సంతకంతో పచ్చ కార్డు నాకు తిరిగి రావాలి. దూరపు టపా పోగొట్టుకోకుండా ఉండేందుకు మాత్రమే ఈ ఏర్పాటు.

నీ అన్న,
ఆర్విల్


ఐరన్ క్రీక్ గని, మోంటానా
అక్టోబరు 12

అన్నయ్యకి,

కర్ర వచ్చింది. నువ్వు రాసిన నూనె వాసనకి ఇల్లంతా మన ఇల్లయిపోయింది ఓ పూట. అడుగున నాన్న చెక్కిన గాట్లు వేలితో తడిమి చూసుకున్నా. లూడీ కోటు కింద గోడకి ఆనించి పెట్టా. దూరం నుంచి చూస్తే మనిషి నిలబడినట్టుంది.

ఈ సంతకాల గోలేమిటి? మామూలుగా అయితే రోవీనా గేటు దగ్గర డబ్బాలో పడేసి పోతుంది. ఇప్పుడు నీ పుణ్యమా అని హారను కొడుతూనే ఉంటుంది, నేను మోకాళ్ళ లోతు మంచులో గేటు దాకా ఈడ్చుకుంటూ పోయేదాకా.

"మీ అన్న లాయరా ఏంటి?" అంది.

"కాదు, మీ జాతే. టపా కిటికీ."

"అనుకున్నా. ఇంత నస మాలో వాళ్ళే పెడతారు. కాస్త మొహం పైకెత్తు, ఎవరు తీసుకున్నారో చూసి రాసుకోవాలి నేను. గడ్డమేంటలా? తింటున్నావా?"

"సంతకానికి తిండితో పనేంటి?"

"ఊరికే అడిగాలే నాయనా. నోరు పారేసుకోకు."

సేడీ బండిలోనే కూర్చుంది. నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. మంచిదే.

లైసెన్సు కొనలేదు. ఈ కొండల్లో ఎవరొచ్చి అడుగుతారు? ఎవరితోనూ వెళ్ళడం లేదు. తూటాలు నా జేబులోనే ఉన్నాయి. ఊళ్ళో బర్డెట్ కొట్లో కొన్నా.

గొట్టం పంపు. చట్రం సంగతి తర్వాత చూద్దాం.

ఎల్డన్


స్లేట్ ఫోర్క్, కెంటకీ
అక్టోబరు 20

తమ్ముడు ఎల్డన్‌కు,

గొట్టం పంపడానికి తగినంత పొడవైన పెట్టె దొరకలేదు. దొరికిన పెట్టె తడిసి ఉన్నది. మంచి పెట్టె కోసం విచారిస్తున్నాను. కొంత ఆలస్యం కావచ్చు.

ఇక్కడ ఆకులు రాలుతున్నాయి. మీ వదిన ఆపిల్ ముక్కలు ఎండబెట్టింది. ప్రూయిట్ ముసలమ్మ నాతో మాట్లాడుతున్నది. మనవడే వచ్చి పిస్తోలు పట్టుకుపోయాడట, కేకు కూడా తిన్నాడట.

నీవు ఏమి తింటున్నావో వ్రాయి. ఏ పూట ఏమి వండుకున్నావో వివరంగా వ్రాయి. ఉదయం ఏ వేళకు లేస్తున్నావు? గేటు దాకా నడిచే దారి చదును చేశావా? రోవీనా అనే ఆ మనిషి మంచిదిలాగున్నది. ఆమె హారను కొట్టినప్పుడు వెంటనే వెళ్ళు.

తూటాల విషయం నాకు నచ్చలేదు.

నీ అన్న,
ఆర్విల్


ఐరన్ క్రీక్ గని, మోంటానా
అక్టోబరు 30

ఆర్విల్‌కి,

అన్నయ్యా అని రాయబుద్ధి కాలేదు ఈసారి.

నిన్న బర్డెట్ కొట్టుకెళ్ళా. మనిషి మంచివాడు, కాస్త వాగుడెక్కువ. గల్లా దగ్గర పొయ్యి పెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా కాఫీ పోస్తాడు. నా తూటాల సంగతి గుర్తుంది ఆయనకి.

"తూటాలు కొన్నావు సరే, వాటికి తుపాకీ ఏదయ్యా?" అన్నాడు.

"కెంటకీలో ఉంది. మా అన్న పోస్టాఫీసులో పని చేస్తాడు. రాష్ట్రం దాటదంటున్నాడు."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఎందుకు దాటదూ? నీ పేరున దాటదు. నా పేరున దాటుతుంది. నాకు లైసెన్సుంది. ఎవరైనా సరే, ఏ రాష్ట్రం నుంచైనా సరే, లైసెన్సున్న కొట్టుకి రైఫిలు పంపొచ్చు. నేను కాగితాలు చూసుకుని నీ చేతికిస్తా. రోజూ చేసే పనే ఇది. మీ అన్నకి తెలీదా?"

పొయ్యి దగ్గర కూర్చున్న ముసలాయన నవ్వాడు. "పోస్టాఫీసోళ్ళకి ముద్ర కొట్టడం తప్ప ఏం తెలుసులే."

నేనేమన్నానో తెలుసా? "నోరు మూసుకోండి తాతా. మా అన్నకి తెలీని రూలు ఇంకా పుట్టలేదు" అన్నా. అనేశాక, ఆ మాటే నాకు ఎదురు తిరిగింది. నీకు తెలుసు. తెలిసీ సగమే చెప్పావు. ముసలావిడ కేకు డబ్బా మూత తీయించినవాడివి, కన్నతల్లికి కూడా ఒక్క స్టాంపు ఊరికే ఇవ్వనివాడివి, నాకు సగం రూలు చెప్పి, మిగతా సగం నాలుక కింద పెట్టుకున్నావు. పెట్టె తడిసిందట! నీకు అబద్ధమాడ్డం కూడా రాదు.

ఇక్కడ మంచు ఒక గోడ. పంపు మూలుగు ఒక గోడ. ఆ కోటు ఒక గోడ. నాలుగోది నువ్వు. తలుపెక్కడ పెట్టుకోను?

బర్డెట్ అడ్రసు కింద రాస్తున్నా. చట్రం, గొట్టం ఆయనకి పంపు. లేదా ఎందుకు పంపవో మొహం మీద చెప్పు. ఉత్తరాల్లో మొహం ఉండదంటావేమో. అయినా చెప్పు.

ఎల్డన్ కాడిల్


స్లేట్ ఫోర్క్, కెంటకీ
నవంబరు 6

తమ్ముడా,

నీ ఆరోపణ సత్యం. నియమాన్ని సగమే చెప్పాను. చెప్పిన సగం నిజం కనుక అబద్ధమాడలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వాదన కిటికీకి అవతల మరెవరైనా చేసి ఉంటే ఒప్పుకునేవాడిని కాదు.

ఎందుకని అడిగావు. నీవు వేటకు వెళ్ళబోవడం లేదని నాకు అనిపించింది. కుక్కను ఇచ్చివేసినవాడు, గడియారాన్ని ఇచ్చివేసినవాడు, లైసెన్సు కొననివాడు, తూటాలు మాత్రం కొన్నవాడు రైఫిలు అడిగితే ఎందుకు అడుగుతున్నాడో ఊహించడానికి నాకు పట్టా అవసరం లేదు. నీవు చనిపోవాలనుకుంటున్నావని నేను భయపడుతున్నాను. ఈ వాక్యం వ్రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. దాని బదులు నియమాలు వ్రాశాను. నాకు చేతనైన భాష అది ఒక్కటే.

సంతకాల విషయం కూడా చెబుతాను. టపా పోతుందని కాదు. నీ చేతి సంతకంతో పచ్చ కార్డు తిరిగి వస్తే, ఆ రోజు వరకు నీవు గేటు దాకా నడిచావని నాకు తెలిసేది. సంతకం తీసుకోవాలంటే ఒక మనిషి నీ ముఖం చూసి తీరాలి. రోవీనాకు నేను విడిగా ఉత్తరం వ్రాశాను, ఆమె కూడా మా జాతే గనుక. "హారను ఆపను" అని ఒక్క ముక్క జవాబు వ్రాసింది. ఆ కార్డులు వంటింటి గోడకు గుచ్చి ఉన్నాయి. నీ చివరి సంతకం ముందుదానికన్నా గట్టిగా, కాగితం చిరిగేటట్లు ఉన్నది. ఆ హారను మీద నీకు కోపం వచ్చినందుకు సంతోషించాను.

నేను పొరబడి ఉంటే క్షమించు. పొరబడకపోతే, ఒక్క మాట విను. బర్డెట్‌కు నేను రైఫిలు పంపను. ఇక్కడ నియమం ప్రసక్తి లేదు. పంపడం నాకిష్టం లేదు.

అయితే తుపాకుల నియమాలలో ఇంకొకటి ఉన్నది, నీకు ఎన్నడూ చెప్పనిది. పరాయి రాష్ట్రానికి వేటకు వెళ్ళే మనిషి తన రైఫిలును తన పేరనే, అక్కడ ఉండే మరొకరి సంరక్షణలో ముందుగా పంపుకోవచ్చు. చిరునామా అతడిదే ఉండాలి. 'ఫలానావారి సంరక్షణలో' అని కింద వ్రాయాలి. సొంతదారు తప్ప ఇంకెవరూ దానిని తెరవరాదు. దాచి ఉంచడమే సంరక్షకుడి పని.

ఇవాళ ఒక పొడుగు పెట్టె పంపించాను. దానిపై ఆర్విల్ కాడిల్, ఎల్డన్ కాడిల్ సంరక్షణలో, ఐరన్ క్రీక్ గని, మోంటానా అని ఉంటుంది. లోపల ఏమున్నదో పెట్టె మీద వ్రాయరాదు, ఇక్కడా వ్రాయను. నీవు సంతకం చేసి తీసుకో. తెరవకు. తెరిచే హక్కు నాది. నేను వస్తున్నాను. ఇరవై రెండో తేదీ మధ్యాహ్నానికి బస్సు మీ ఊరు చేరుతుంది. అక్కడి నుంచి గనికి ఏదో ఒక బండి చూసుకుంటాను. వేటకాలం ముగిసేవరకూ, అవసరమైతే ముగిసిన తరువాత కూడా, ఉంటాను. పంపు నడపడం నేర్పు. యంత్రాలంటే నాకు భయమని నీకు తెలుసు. అయినా నేర్పు. నీవు ఆ కోటు కొక్కెం నుంచి తీయగలిగే రోజు వరకు ఆ చప్పుడు ఇద్దరం విందాం.

అంతవరకు ఉండు. అన్నగా నిన్ను ఆజ్ఞాపించలేను, అడుగుతున్నాను. తూటాలు నీ జేబులో ఉండవద్దని కూడా అడుగుతున్నాను.

నీ అన్న,
ఆర్విల్

ఎల్డన్, నేను, వదినని. ఈయన కవరు అంటించేలోపు రాస్తున్నా. ఇరవై మూడున ఈయనకి పోస్టుమాస్టరు ఇంటర్వ్యూ. ఇంకో రోజు ఇమ్మని అడిగితే కుదరదన్నారు. "అయితే నా పేరు తీసేయండి" అని చెప్పి ఇంటికొచ్చి, గోడకున్న పట్టాని కాసేపు చూసి, టోపీ తీసి బంగాళాదుంపలు ఒలిచారు. నీతో ఎప్పటికీ చెప్పరు గనక నేను చెబుతున్నా. నువ్వు గనక ఆ మనిషిని ఖాళీ ఇంటికి రప్పించావో, నిన్ను నేను ఎక్కడున్నా వదలను. వేళకి తిను నాయనా.


ఐరన్ క్రీక్ గని, మోంటానా
నవంబరు 20

అన్నయ్యా,

ఈ ఉత్తరం స్లేట్ ఫోర్క్‌కి పంపితే చేరేలోపే నువ్వు బయల్దేరిపోతావు. అందుకని రోవీనా చేతికిస్తున్నా. బస్సు దగ్గరికి తానే వస్తుందట, నిన్ను బండిలో ఎక్కించుకుని తెస్తుందట. స్టాంపు అంటించలేదు. స్టాంపు లేని ఉత్తరం టపామనిషి చేతికిస్తే రూలు తప్పినట్టేనని ఆవిడే చెప్పింది. పై వాళ్ళకి రిపోర్టు చేసుకోండి, మీరూ మీరూ.

పెట్టె మొన్న వచ్చింది. హారను కొట్టలేదు. గేటు దగ్గర నేనే నిలబడి ఉన్నా. ఎప్పుడొస్తుందో తెలీక, దారి చదును చేస్తూ అక్కడే ఉన్నా.

"ఇది నీది కాదు" అంది రోవీనా.

"తెలుసు. నా సంరక్షణ."

"నీ సంరక్షణే అంతంతమాత్రం, దీన్నేం చూస్తావు?"

సంతకం పెట్టి రెండు చేతుల మీదా ఎత్తుకున్నా. ఎత్తుకోగానే తెలిసిపోయింది. ఆ రైఫిలు మోస్తూ పెరిగినవాణ్ణి అన్నయ్యా. దాని బరువు నా భుజానికి నిద్రలో కూడా తెలుసు. ఇది అది కాదు. ఇంతలో సేడీ బండిలోంచి దూకి పెట్టెని ఈ చివర నుంచి ఆ చివర దాకా వాసన చూసి తోక ఊపుతూ గింగిరాలు తిరిగింది. తుపాకీ నూనెకి ఏ కుక్కా అట్లా తిరగదు. వదిన ఎండబెట్టిన ఆపిల్ ముక్కల పొరల కేకు అయితే తప్ప.

కాబట్టి తుపాకీ లేని పెట్టెకి తుపాకీ రూలు పెట్టావు. రెండోసారి వంచావు. ఇట్లా అయితే నీకు పోస్టుమాస్టరు పని ఇవ్వకపోవడమే మంచిదయింది. వదిన చెప్పింది. నువ్వు బంగాళాదుంపలు ఒలవడమేంటి? వచ్చాక దాని గురించి మాట్లాడకు. నేనూ మాట్లాడను.

నువ్వు పొరబడలేదు.

బర్డెట్ కొట్లో గోడ నిండా తుపాకులున్నాయి. తూటాలు కొన్న రోజే ఒకటి తెచ్చేసుకోగలిగేవాణ్ణి. తీసుకోలేదు. దేశం అవతలి కొసన ఉన్న నిన్ను అడిగా. కొండంత రూళ్ళు చెప్పేవాణ్ణి వెతుక్కుని మరీ అడిగా. ఎందుకో అప్పుడు తెలీలేదు. ఇవ్వవని తెలిసే అడిగానేమో. నాలుగో గోడ అన్నాను నిన్ను. చలిగాలి ఆగింది ఆ గోడ వల్లే.

సేడీ తిరిగి బండెక్కలేదు. రోవీనా పిలిచింది, తిట్టింది, బిస్కెట్టు చూపించింది. పెట్టె మీద పడుకుంది, అంతే. "పోనీలే, తిండి పెట్టు దానికీ, నీకూ" అని వెళ్ళిపోయింది.

పెట్టె పొయ్యి పక్కన పెట్టా. కర్ర మడమ దాని మీద ఆనించా. తాడు కూడా ముట్టుకోలేదు. రోజూ ఆ వాసనకి ప్రాణం లాగుతోంది గానీ, చిరునామాలో ఉన్నది నీ పేరు. నువ్వొచ్చి తెరిస్తేనే తింటాను.

ఇంకొకటి. ఈ ఉత్తరంతో పాటు రోవీనా నీకు గుడ్డలో చుట్టిన చిన్న అట్టపెట్టె ఇస్తుంది. తూటాలు. అవి టపాలో పోవని నువ్వే చెప్పావు కదా, అందుకని టపా సంచిలో వేసుకోకుండా తన అన్నం డబ్బాలో పెట్టుకుంది. తీసుకుని నీ కోటు జేబులో వేసుకో. ఈ ఏడు నీ వంతు.

ఎల్డన్